బెల్లం చాయ్‌తో షుగర్ పెరగదని ఎవరన్నారు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వాట్సాప్ గ్రూపుల్లో బెల్లం చాయ్ పంచాయితీ మళ్లీ రాజుకుంది. ‘షుగర్ ఉన్నవాళ్లు కూడా తాగొచ్చు’ అని దుకాణం ముందు బోర్డు పెట్టడం తప్పని డాక్టర్లు అంటున్నారు. మా తాతలు తినలేదా, వాళ్లకు లేని రోగం మీకెక్కడిదని దుకాణాలవాళ్లు అంటున్నారు. విజయవాడ హైవే మీద చిట్యాల నుంచి సూర్యాపేట దాకా, అటు బెంగళూరు రోడ్డులో జడ్చర్ల చుట్టుపక్కల బెల్లం చాయ్ బండ్లకు లోటు లేదు కాబట్టి ఈ గొడవ తొందరగా చల్లారేలా లేదు.

ఈ బోర్డులకు అసలు బలం వచ్చింది 2023లో. ఆ ఏడాది మే 15న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక మార్గదర్శకం విడుదల చేసింది. బరువు తగ్గడానికో, జబ్బులు రాకుండా ఉండటానికో చక్కెర బదులు సాకరిన్, యాస్పర్టేమ్, సుక్రలోజ్, స్టీవియా లాంటి తీపి గోలీలు, పొడులు వాడొద్దని దాని సారాంశం. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో టైప్-2 డయాబెటిస్, గుండె జబ్బులు కొంత ఎక్కువగా కనిపించాయన్నది కారణం. అయితే అప్పటికే లావున్నవాళ్లు, షుగర్ అంచున ఉన్నవాళ్లే ఇలాంటివి ఎక్కువ వాడుతుంటారు. కాబట్టి జబ్బు గోలీతో వచ్చిందా, జబ్బు భయంతో గోలీ మొదలైందా అన్నది అంత తేలిగ్గా తేలదు. అందుకే ఆ సంస్థ కూడా దీన్ని షరతులతో కూడిన సిఫార్సుగానే ఇచ్చింది.

అందులోనే ఇంకో వాక్యం ఉంది: ఇప్పటికే డయాబెటిస్ ఉన్నవాళ్లకు ఈ సిఫార్సు వర్తించదు. ఫార్వర్డ్ మెసేజ్‌లలో ఎగిరిపోయింది ఈ వాక్యమే. జూన్‌లో ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగర్ సర్వే ఫలితాలు వచ్చాయి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని లెక్క తేలింది. అంటే మినహాయింపు దక్కినవాళ్లు పది కోట్ల మంది. ఆ మాట వాళ్లకు చేరేలోపే జులై 14 వచ్చింది. ఆ రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ యాస్పర్టేమ్‌ను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి వర్గంలో పెట్టింది. ఆహార సంకలితాల నిపుణుల కమిటీ మాత్రం అదే రోజు పాత పరిమితి మార్చనక్కర్లేదంది. అది రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాములు. 70 కిలోల మనిషి ఆ గీత దాటాలంటే రోజుకు తొమ్మిది నుంచి పద్నాలుగు క్యాన్ల డైట్ కూల్‌డ్రింక్ తాగాలి. హెడ్డింగుల్లో మిగిలింది క్యాన్సర్ ఒక్కటే. గోలీల డబ్బా పక్కకు పోయింది, బెల్లం డబ్బా ముందుకొచ్చింది.

మన దగ్గర ఈ భయం ఇంత తేలిగ్గా నాటుకోవడానికి పాత కారణం కూడా ఉంది. పాలమూరులో సాకరిన్ అనగానే గుర్తొచ్చేది కల్తీ కల్లు. తీపికి సాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం. 2015లో ప్రభుత్వం కల్తీ మీద గట్టిగా పడినప్పుడు, అలవాటైన మత్తు ఒక్కసారిగా ఆగి ఫిట్స్‌తో, పిచ్చి చేష్టలతో జనం దవాఖానలకు వచ్చారు. ఆ పని చేసింది మత్తుమందులు, సాకరిన్ కాదు. కానీ పేరు దానికీ అంటుకుంది. ఎలుకల మూత్రాశయంలో కంతులు వచ్చాయని 1977లో అమెరికా సాకరిన్‌ను నిషేధించబోయింది. ఎలుకల్లో జరిగిన తీరు మనుషులకు వర్తించదని తేలాక 2000లో ఆ హెచ్చరిక లేబుల్‌ను కూడా ఎత్తేసింది. ఆ సంగతి కల్లు దుకాణం దాకా రాలేదు.

ఇక బెల్లం సంగతి. అందులో నూటికి ఎనభై పాళ్లకు పైగా చక్కెరలే. వంద గ్రాముల చక్కెరకు 400 కేలరీలైతే బెల్లానికి 350 నుంచి 380. ఇనుము ఉంది, నిజమే. వంద గ్రాములకు నాలుగైదు మిల్లీగ్రాములు అనుకుంటే, కప్పు చాయ్‌లో వేసే పది గ్రాములకు అర మిల్లీగ్రాము దాటదు. ఆడవాళ్లకు రోజుకు కావలసింది 29. పైగా ఒంటికి ఇనుము పట్టకుండా అడ్డం పడేది చాయ్‌లోని వగరే. బెల్లం మేలు చూపించడానికి చాయ్‌ని ఎంచుకోవడం విచిత్రమే. మూడు కప్పులు తాగితే 30 గ్రాముల బెల్లం, అంటే 24 గ్రాములకు పైగా చక్కెరలు. పెద్దవాళ్లకు ఇలా పైనుంచి కలిపే చక్కెరలు రోజుకు దాదాపు 25 గ్రాముల లోపైతే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. తాటిబెల్లం, తేనె కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

గోలీలు అమృతమేమీ కావు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు షుగర్ ఉన్న 179 మందితో 12 వారాల పరీక్ష చేసి 2024లో ఫలితాలు ప్రచురించారు. టీ, కాఫీల్లో చక్కెర బదులు సుక్రలోజ్ వాడినవాళ్లకు మూడు నెలల షుగర్ సగటులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బరువు, నడుము కొలత మాత్రం కాస్త తగ్గాయి. షుగర్ పెరగకపోవడమే షుగర్ పేషెంటుకు ముఖ్యం. యాస్పర్టేమ్‌ను చాయ్‌తో పాటు మరిగిస్తే తీపి పోతుంది, దించాక వేయాలి. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్లు అసలు ముట్టకూడదు. ఆ హెచ్చరిక డబ్బా మీదే ఉంటుంది.

దుకాణాలవాళ్లు చెప్పేది ఒక్కటే: మేము రసాయనాలు కలపడం లేదు. పచ్చగా, తెల్లగా మెరిసే బెల్లానికి ఆ రంగు రావడానికి వాడే హైడ్రోస్ కూడా రసాయనమే కదా అని అడిగితే, మాది నల్లబెల్లం అంటారు.

డాక్టర్లు చాయ్ బంద్ చేయమనడం లేదు, బోర్డులో ఆ ఒక్క లైను తీసేయమంటున్నారు. ఆహార ప్రకటనల మీద 2018లో వచ్చిన నియమాల ప్రకారం జనాన్ని తప్పుదారి పట్టించే ప్రచారం కుదరదు. ఫిర్యాదు చేయదలచినవాళ్లు బోర్డు ఫొటో తీసి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో పెట్టొచ్చు.