రామేశ్వరం సంచి

పెరంబూరు,
చెన్నై.

చిరంజీవులు చిన్నీకి, బబ్లూకి తాతయ్య దీవించి రాయునది.

ఇక్కడ నేనూ అమ్మమ్మా క్షేమం. మీరు విజయవాడ బండి ఎక్కిన మర్నాడు ఇల్లు ఊడుస్తుంటే మంచం కింద మీ రామేశ్వరం సంచి దొరికింది. ఏడు ఆల్చిప్పలు, ధనుష్కోడి బస్సు టికెట్టు, విభూతి పొట్లం కాగితం, ఎండిపోయిన రావి ఆకు, నల్ల గులకరాయి ఒకటి, పసుపు గుడ్డ పేలిక ఒకటి. వెళ్ళేముందు చిన్నీ అడిగింది కదా, "వీటన్నిటితో గోడకి పెట్టే బొమ్మ చేద్దామా తాతయ్యా" అని. తప్పకుండా చేయండి. సంచి పార్శిల్ చేస్తున్నాను. కానీ అది విప్పేముందు ఈ ఉత్తరం పూర్తిగా చదవండి.

మా నాన్నగారు, అంటే మీ ముత్తాత, 1963లో రామేశ్వరం యాత్రకు వెళ్ళారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. అక్కణ్ణుంచి నా పేరు మీద ఒక కార్డు పంపారు. ఒక పక్క సముద్రం మీది పాంబన్ రైలు వంతెన బొమ్మ, రెండో పక్క నిండా ఆయన అక్షరాలు. నా పేరుతో వచ్చిన మొదటి ఉత్తరం అదే. చాలా ఏళ్ళ తర్వాత, నాకు రైల్వే బుకింగ్ కౌంటర్లో ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, ఈ ఇంట్లోకి వచ్చాక, ఆ కార్డునీ మరి కొన్ని యాత్రల కాగితాలనీ ఒక ప్లైవుడ్ పలక మీద తెల్ల గమ్ముతో అతికించి, అద్దం బిగించి హాల్లో పెట్టాను. వంతెన బొమ్మ పైకి కనిపించేలా అతికించాను. అంటే అక్షరాల వైపు గమ్ము రాశాను.

కొన్ని వానాకాలాలు గడిచాక అద్దం లోపల బూజు పట్టింది. కార్డు ఊడదీయబోతే పొరలుగా చీలింది. బొమ్మ నా చేతికి వచ్చింది, రాత పలకకే ఉండిపోయింది. నీళ్ళతో తడిపి చూశాను, ఆవిరి పట్టి చూశాను. ఆ గమ్ము ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ నీళ్ళలో సరిగ్గా కరగదు. ధనుష్కోడి స్టేషన్లో రైలు దిగి పడవ దగ్గరికి నడిచామని రాసిన ఒక్క వాక్యం గుర్తుంది. మిగతాది గుర్తు లేదు. మరుసటి ఏడాది, 1964 డిసెంబరులో, తుపాను వచ్చి ఆ ఊరినే ఊడ్చేసింది. మీరు చూసిన మొండి గోడలు దానివే. ఆ ఊరు బతికున్నప్పుడు మా నాన్న కళ్ళతో చూసి నాకు రాసిన మాటలు నా చేతులతోనే పోయాయి. ఇప్పటికీ నాకు బాధే.

అందుకే చెబుతున్నాను, ఏదీ అతికించకండి. రేపు ఎప్పుడైనా మీరే విప్పి వెనక్కి తిప్పి చూసుకునేలా ఉండాలి.

అతికించకుండా ఎలా నిలుస్తాయంటారా? మీ అమ్మమ్మ పెళ్ళి ఆల్బమ్ చూశారు కదా, ఫోటో నాలుగు మూలలూ అట్టలో చేసిన ఏటవాలు చీలికల్లోకి దూరి ఉంటాయి. అదే పద్ధతి. కాగితాన్ని అట్ట మీద పెట్టి, మూలలు ఎక్కడికి వస్తాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, నాన్న చేత బ్లేడుతో చీలికలు పెట్టించండి. అట్ట మాత్రం పుస్తకాల షాపులో దొరికే మామూలు గోధుమరంగుది వద్దు. దానిలోని ఆమ్లం పక్కనున్న కాగితాన్ని కూడా పసుపు చేసేస్తుంది. ఇక్కడ చెన్నైలో ప్యారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధి అంతా కాగితాల షాపులే. అక్కడ ఆమ్లం లేని మౌంట్ బోర్డు రెండు కొని సంచితోపాటు పెడుతున్నాను.

ఆల్చిప్పలను దారంతో కుట్టండి. మూడింటికి చిన్న గుండ్రటి చిల్లు ఉంది, గమనించారా? డ్రిల్లుతో పెట్టినంత నున్నగా ఉంది. అది ఎవరో మనిషి పెట్టింది కాదు. ఇసుకలో ఉండే ఒక రకం నత్త ఆల్చిప్పను పట్టుకుని, పెంకును మెల్లగా తొలిచి, లోపలి మాంసం తినేస్తుంది. ఆ చిల్లులోంచే సూది పోనివ్వండి. చిల్లు లేని వాటిని అడ్డంగా రెండు దారాలు వేసి కట్టొచ్చు. ముందు రెండు రోజులు మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ ఉప్పు పోగొట్టి, నీడలో ఆరబెట్టండి. ఉప్పు మిగిలితే గాలిలోని చెమ్మను లాక్కుంటూనే ఉంటుంది. తెల్లగా మెరవాలని నిమ్మరసం, వెనిగర్ పోయకండి. పెంకు అంటే సున్నపురాయి లాంటిదే, పులుపు తగిలితే కరిగిపోతుంది.

మీరు ఏడే తెచ్చినందుకు సంతోషించాను. ఖాళీ గవ్వల్లో కాపురం పెట్టే చిన్న పీతలు ఉంటాయి, ఒడ్డంతా ఊడ్చుకొస్తే వాటికి ఇల్లుండదు. పగడపు ముక్కలు మాత్రం ఎప్పుడూ తేకండి, ఎవరైనా అమ్మినా కొనకండి. పగడపు దిబ్బలకు మన దేశంలో చట్టం రక్షణ ఉంది.

బస్సు టికెట్టు సంగతి వేరు. దానిలో సిరా ఉండదు. కాగితానికి పూసిన మందు వేడి తగిలితే నల్లబడుతుంది, మిషన్ ఆ వేడితోనే అక్షరాలు వేస్తుంది. ఏదైనా పాత బిల్లు మీద గోరుతో గట్టిగా గీసి చూడండి, నల్ల గీత పడుతుంది. అందుకే ఎండలోగాని ప్లాస్టిక్ కవర్లోగాని ఉంచితే అక్షరాలు పోతాయి. నేను కౌంటర్లో అమ్మిన అట్ట టికెట్లు అలా ఉండేవి కావు. దళసరి అట్ట, ముద్రించిన అక్షరాలు, మిషన్లో పెట్టి నొక్కితే తేదీ పడేది. కానీ దిగాక గేటు దగ్గర ఇచ్చేయాలి కాబట్టి అవి ఎవరి దగ్గరా మిగిలేవి కావు. మీ టికెట్టుకి నేనే జిరాక్స్ తీయించాను. గోడ మీదకి జిరాక్స్ పెట్టండి, అసలుది కాగితం కవర్లో దాచండి.

రైలు టికెట్టు ఫోన్లోనే ఉంది కదా, బొమ్మలో రైలు లేకుండా ఎలా? వంతెన మీరే గీయండి. ముత్తాత చూసినది 1914లో ప్రారంభమైంది, ఓడ వస్తే మధ్య భాగం రెండు రెక్కల్లా విచ్చుకునేది. మీరు దాటిన కొత్తది 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. దానిలో 72.5 మీటర్ల ముక్క మొత్తం లిఫ్టులా నిటారుగా పైకి లేస్తుంది. అట్టలో నిలువుగా రెండు చీలికలు పెట్టి, ఆ ముక్కను విడిగా కత్తిరించి, దారం కట్టి లాగితే మీ వంతెన కూడా లేస్తుంది. బబ్లూకి ఈ పని ఇవ్వండి. వంతెనకి ఇవతలి ఒడ్డున ఉన్న మండపం ఊరి నుంచి ధనుష్కోడి దాకా నీలం దారంతో దారి కుట్టి, ఏ వస్తువు ఎక్కడ దొరికిందో అక్కడే కట్టండి.

ఫ్రేములో అద్దానికీ వస్తువులకీ మధ్య అట్ట పట్టీలతో ఖాళీ ఉంచండి. బయటి గోడకి, పడమటి ఎండ పడేచోట తగిలించకండి. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు బెండు ముక్కలు పెడితే గాలి ఆడుతుంది.

ప్రతి దాని వెనకా పెన్సిల్‌తో రాయండి: ఎవరికి దొరికింది, ఎక్కడ, ఏ రోజు. విభూతి పొట్లం ఎక్కడిదో నాకు తెలుస్తోంది. గులకరాయి బబ్లూ జేబులోంచి పడుతుంటే చూశాను. ఆ పసుపు గుడ్డ పేలిక మాత్రం నాకు అంతుపట్టలేదు. రెండు మూడు సార్లు చేతిలోకి తీసుకుని చూశాను. ఒక కొస ముడి వేసి ఉంది, విప్పలేదు. అది ఎవరిది, ఎందుకు తెచ్చారు? వెంటనే ఉత్తరం రాయండి, ఫోన్లో చెప్పొద్దు.

మీ తాతయ్య