ఆరో తరగతి వయసులో మరిచిపోతున్న టీకా

వరంగల్, ములుగు, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో ఐదో తరగతి పూర్తిచేసిన పిల్లలు జూన్ నెలలో ఊరిబడి విడిచి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనో, ఆదర్శ పాఠశాలలోనో, కస్తూర్బా విద్యాలయంలోనో, మామునూరులోని నవోదయలోనో చేరతారు. చేర్చుకునేవారు టీసీ, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం చూస్తారు. పదేళ్ల వయసులో వేయించవలసిన టీడీ టీకా పడిందా అని కూడా అప్పుడే అడగాలన్నది నా గట్టి అభిప్రాయం.

టీడీ టీకా రెండు జబ్బులకు సంబంధించినది. ధనుర్వాతం ఒకరి నుంచి ఒకరికి అంటదు కాబట్టి బడికి సంబంధించినంత వరకు అసలు విషయం రెండోది, అంటే డిఫ్తీరియా. మన పెద్దలు దీన్నే కంఠసర్పి అనేవారు. దీని బ్యాక్టీరియా దగ్గు, తుమ్ముల తుంపరలతో వ్యాపించి, గొంతులో బూడిద రంగు పొరను ఏర్పరుస్తుంది. విచిత్రమేమిటంటే, విషాన్ని తయారుచేసే జన్యువు ఈ బ్యాక్టీరియా సొంతం కాదు; బ్యాక్టీరియాలో చేరే ఒక వైరస్ దాన్ని మోసుకొస్తుంది. ఆ విషం రక్తంలో కలిసి గుండెకూ నరాలకూ చేరి, కణాల్లో ప్రొటీన్ల తయారీని ఆపేస్తుంది. చికిత్సలో ఇచ్చే యాంటీటాక్సిన్ రక్తంలో తిరుగుతున్న విషాన్ని మాత్రమే అడ్డుకోగలదు, కణంలోకి ప్రవేశించిన విషాన్ని వెనక్కి రప్పించలేదు. అందుకే ఈ జబ్బులో వైద్యం ఒక్కరోజు ఆలస్యమైనా ప్రమాదం పెరుగుతుంది.

బూస్టర్, అంటే పాత టీకా రక్షణను బలపరచడానికి మళ్లీ వేసే డోసు, ఎందుకన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. డిఫ్తీరియా టీకా కలిసి ఉండే పెంటావాలెంట్ పసితనంలో ఆరు, పది, పద్నాలుగు వారాలకు, అలాంటిదే అయిన డీపీటీ ఏడాదిన్నర ప్రాంతంలో ఒకసారి, ఐదారేళ్లకు మరోసారి పడిన బిడ్డ శరీరం ఈ విషాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అయితే ఆ జ్ఞాపకం మేలుకొని సరిపడా ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేయడానికి కొన్ని రోజులు పడుతుంది, విషం అంతకాలం ఆగదు. కనుక ప్రతిరక్షకాలు ముందే రక్తంలో తగినంత ఉండాలి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి మోతాదు తగ్గుతుంది కాబట్టి పదేళ్లకూ పదహారేళ్లకూ మళ్లీ టీకా వేస్తారు. పెద్ద పిల్లలకు డిఫ్తీరియా భాగం ఎక్కువైతే చేయి వాపు, నొప్పి అధికమవుతాయి కనుక టీడీలో దాన్ని తగ్గించి ఉంచారు.

పసిపిల్లలకు టీకాలు బాగానే అంది, బూస్టర్లు తప్పిపోయే చోట జబ్బు బడి వయసు పిల్లల వైపు జరుగుతుందని మన దేశంలోనే గమనించారు. హైదరాబాదు నల్లకుంటలో అందరూ కోరంటి దవాఖాన అని పిలుచుకునే ఫీవర్ ఆసుపత్రికి డిఫ్తీరియా కొత్త కాదు. టీకాల రక్షణ సన్నగిల్లిన మాజీ సోవియట్ దేశాల్లో 1990ల్లో లక్షన్నర మందికి పైగా ఈ జబ్బు బారిన పడ్డారు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఏడో తరగతిలో చేరాలంటే ఇటువంటి బూస్టర్ వేయించినట్లు ఆధారం చూపాలన్న నిబంధన 2011 నుంచి ఉంది. దాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోవాలని నేను అనను. పెద్దపల్లి ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చిన కూలీల బిడ్డ దగ్గర టీకా కార్డు లేకపోవచ్చు, అంతమాత్రాన బడి తలుపు మూస్తే ఆ బిడ్డకు చదువూ అందదు, టీకా కూడా అందదు. అడగడం, రాసుకోవడం, వేయించుకోనివారి జాబితాను ఏఎన్ఎంకు ఇవ్వడం చాలు. ఒకే గదిలో పదుల మంది పడుకునే వసతి గృహాలున్న బడుల్లో ఈ పని మొదటి నెలలోనే పూర్తి కావాలి.

పదేళ్లు దాటిపోయాయని తల్లిదండ్రులు వెనకాడనక్కరలేదు. పన్నెండేళ్లకైనా టీడీ వేయించుకోవచ్చు, పాత డోసులు వృథా కావు, మొదటినుంచి ప్రారంభించే పని లేదు. చిన్నప్పుడు ఏ టీకా పడని పిల్లలకు ఏడేళ్లు దాటాక డీపీటీ బదులు టీడీనే విడతలుగా ఇస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇది ఉచితం.