ఎర్ర నాబ్ ఎంత వెనక్కి లాగాలి?

1944. న్యూగినీ దీవిలోని హాలండియా. అమెరికా 475వ ఫైటర్ గ్రూప్ మెకానిక్‌లకు ఒక సంగతి అంతుపట్టలేదు. ఒకేసారి వెళ్ళి ఒకేసారి తిరిగొచ్చిన పి-38 యుద్ధ విమానాల్లో, ఒకాయన నడిపినదాంట్లో మాత్రం పెట్రోలు మిగతావాటికంటే బాగా మిగులుతోంది. ఆయన సైనికుడు కూడా కాదు, ఒక విమాన కంపెనీ తరఫున సలహాదారుగా వచ్చిన నలభై రెండేళ్ళ పౌరుడు. పేరు చార్లెస్ లిండ్‌బర్గ్. 1927లో ఒక్కడే, ఒక్క ఇంజిన్‌తో, 33 గంటలకు పైగా ఎక్కడా ఆగకుండా న్యూయార్క్ నుంచి పారిస్ చేరినవాడు. పెట్రోలు పొదుపు ఆయనకు చావుబతుకుల మధ్య అబ్బిన విద్య.

ఆయన చెప్పిన కిటుకు చిన్నదే. నింపాదిగా వెళ్ళేటప్పుడు ఇంజిన్ వేగాన్ని 2,200 ఆర్‌పీఎం నుంచి 1,600కి దించండి, సిలిండర్లలోకి వెళ్ళే గాలి ఒత్తిడి కాస్త పెంచండి, మిక్స్చర్‌ని, అంటే గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని, లీన్‌లో (పెట్రోలు పాలు తక్కువగా) పెట్టండి. కుర్ర పైలట్లు నమ్మలేదు. పెట్రోలు తగ్గిస్తే ఇంజిన్ కాలిపోదా?

ఈ భయం ఇప్పటికీ చిన్న విమానాల పైలట్లలో ఉంది. అందులో సగం నిజం ఉంది కాబట్టే అది పోవడం లేదు.

వంటింట్లో గ్యాస్ స్టవ్ చూడండి. గాలి సరిగా అందకపోతే మంట పసుపుపచ్చగా లేచి గిన్నె అడుగు మసిబారుతుంది. పైలట్ల భాషలో అది రిచ్ మిక్స్చర్. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. కారులో ఈ లెక్క కంప్యూటర్ చూసుకుంటుంది. చాలా చిన్న విమానాల్లో మాత్రం ఇప్పటికీ పైలట్ చెయ్యే చూసుకోవాలి. సెస్నా 172 అనే చిన్న విమానంలో నల్ల నాబ్ పవర్ పెంచి తగ్గించే థ్రాటిల్, పక్కనున్న ఎర్రది మిక్స్చర్; దాన్ని వెనక్కి లాగితే పెట్రోలు తగ్గుతుంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది, 18 వేల అడుగుల దగ్గర ఒత్తిడి సగమే. పెట్రోలు కూడా తగ్గించకపోతే ఇంజిన్ మసి తాగుతూ నీరసపడుతుంది.

ఎంత తగ్గించాలో చెప్పే పరికరం ఈజీటీ మీటర్. ఎగ్జాస్ట్ (పొగ) పైపులో గుచ్చిన ఒక థర్మోకపుల్, అంటే బయటికొచ్చే పొగ వేడిని కొలిచే కడ్డీ. ఎర్ర నాబ్‌ని మెల్లగా వెనక్కి లాగుతుంటే దాని ముల్లు పైకి ఎక్కుతుంది, ఒకచోట శిఖరం తాకుతుంది, ఇంకా లాగితే కిందికి దిగుతుంది. రిచ్ వైపున మిగిలిపోయిన పెట్రోలు చల్లబరుస్తుంది, లీన్ వైపున మిగిలిన గాలి చల్లబరుస్తుంది.

కొత్తవాళ్ళు పొరబడేది ఇక్కడే. ముల్లు 1,450 ఫారెన్‌హీట్ చూపిస్తే గాభరా పడతారు. నిజానికి ఆ అంకెకు పెద్ద అర్థం లేదు. వాల్వు తెరుచుకున్నప్పుడల్లా విడతలు విడతలుగా వచ్చే వేడికి అది ఒక సగటు. థర్మోకపుల్‌ని ఒక అంగుళం జరిపినా మారిపోతుంది. శిఖరానికి ఏ వైపు, ఎంత దూరంలో ఉన్నామన్నదే పనికొచ్చే సమాచారం. వేరే ఊరి మైలురాయి చూసి మన ఊరు ఎంత దూరమో లెక్కపెట్టలేం కదా.

ఇంజిన్‌కి నిజంగా చేటు చేసేది సిలిండర్ తల వేడి, అంటే సీహెచ్‌టీ. అల్యూమినియం తల కాగేకొద్దీ బలం కోల్పోతుంది. చిన్న విమానాల్లో వాడే లైకమింగ్ కంపెనీ ఇంజిన్లు చాలావాటికి గరిష్ఠ పరిమితి 500 ఫారెన్‌హీట్. బుద్ధిమంతులు 400 దాటనివ్వరు, అంటే సుమారు 204 సెల్సియస్. తమాషా ఏమిటంటే తల ఎక్కువగా వేడెక్కేది ఈజీటీ శిఖరం దగ్గర కాదు, దానికి దాదాపు 50 ఫారెన్‌హీట్ ముందు, రిచ్ వైపున.

ఎందుకో తెలియాలంటే సైకిల్ తొక్కడం గుర్తు తెచ్చుకోండి. పెడల్ సరిగ్గా పైన ఉన్నప్పుడు ఎంత బలంగా తొక్కినా మోకాలికి నొప్పే తప్ప చక్రం తిరగదు, కాస్త ముందుకు వాలాక తొక్కితే కదులుతుంది. ఈ ఇంజిన్లలో చాలావాటికి ప్లగ్ మెరిసే సమయం మారదు. శిఖరానికి కొంచెం రిచ్ వైపున మంట చాలా వేగంగా పాకుతుంది కాబట్టి, పిస్టన్ ఇంకా పైభాగం దగ్గర ఉండగానే ఒత్తిడి తారస్థాయికి చేరుతుంది. ఆ దెబ్బంతా సిలిండర్ తలకే. లీన్ వైపున మంట నిదానం, ఒత్తిడి ఆలస్యంగా, మెత్తగా వస్తుంది. తల చల్లగా ఉంటుంది. పెట్రోలు తగ్గిస్తే కాలిపోతుందన్న మాట సగం నిజమే అన్నది ఇందుకు: బాగా రిచ్ నుంచి మొదలెట్టి కొంచెం తగ్గించి ఆగిపోతే ప్రమాదం, ఇంకా తగ్గిస్తే తప్పిపోతుంది.

అదీ పవర్‌ను బట్టే. టేకాఫ్‌లో పూర్తి పవర్ మీద ఈ ఆటలు ఆడకూడదు. అక్కడ అదనపు పెట్రోలే కవచం, లేకపోతే డిటొనేషన్ (మిశ్రమం క్రమంగా మండకుండా ఒక్కసారిగా పేలడం) వచ్చి పిస్టన్లకే చిల్లులు పడొచ్చు. 65 శాతం పవర్‌కి దిగాక మాత్రం మామూలు పరిస్థితుల్లో ఎర్ర నాబ్ ఎక్కడున్నా ఇంజిన్‌కి హాని చేయడం కష్టం. రిచ్‌గా పెడితే క్షేమం అనుకునేవాళ్ళకి ఇంకో మాట: విమాన పెట్రోలులో ఇప్పటికీ సీసం ఉంది. నేల మీద నెమ్మదిగా తిరిగేటప్పుడు మిక్స్చర్ రిచ్‌గా ఉంటే ఆ సీసం ప్లగ్గులకు పట్టేస్తుంది.

మన బేగంపేట విమానాశ్రయం ఎత్తు దాదాపు 1,740 అడుగులు. మే నెలలో 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి 5 వేల అడుగుల పైన ఉన్నంత పలచన. రన్‌వే మీద నిలబడే కొండెక్కినట్టు. అలాంటి చోట ఎర్ర నాబ్‌ని పూర్తిగా లోపలికి తోసి బయల్దేరితే, కవచం అనుకున్న పెట్రోలే పవర్‌ని తినేస్తుంది. అందుకే పలచని గాలిలో టేకాఫ్‌కి ముందు మిక్స్చర్ ఎంత తగ్గించాలో ఆ విమానం మాన్యువల్ చూసుకోవాలి.

మరి అందరూ లీన్ వైపునే ఎగరరేం? కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) ఉన్న ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లకీ పెట్రోలు సమానంగా పంచడం కుదరదు. ఒకటి శిఖరం దాటి చల్లబడుతుంటే ఇంకొకటి ఇంకా రిచ్ వైపునే ఉంటుంది. విమానమంతా గుంతల రోడ్డు మీద బస్సులా వణుకుతుంది. ఆ వణుకు వల్ల ఇంజిన్‌కి హాని తక్కువే, కానీ పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకి ఆ మాట చెప్పి ఒప్పించడం కష్టం.

హాలండియాలో ఒప్పించే పని సముద్రమే చేసింది. తిరిగి రావడానికి పెట్రోలు చాలక నీళ్ళలో పడాలని ఎవరికి ఉంటుంది? పైలట్లు లిండ్‌బర్గ్ చెప్పినట్టు చేసి చూశారు. అంతవరకూ అందని లక్ష్యాలకు పి-38లు వెళ్ళి తిరిగి రావడం మొదలుపెట్టాయి.