గార, పాచి, క్రిములు: మూడిటికీ మందు ఒకటి కాదు

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఒంగోలులో పిన్ని వాళ్లింటికి వెళ్తే బాత్రూమ్ తలుపు దగ్గరే ఆపేసింది. "ఒరే, ఆ కమోడ్ చూసి ఏమనుకోకు, వారానికి రెండుసార్లు రుద్దుతున్నా, నా చేతులు పడిపోతున్నాయి గానీ అది మాత్రం పోవట్లేదు" అంది. లోపల చూస్తే నీళ్లు నిలిచే చోట గోధుమరంగు వలయం, పై అంచు కింద నుంచి కారినట్టు చారలు. గ్లౌజు వేసుకుని వేలితో తడిమితే ఇసక కాగితంలా గరగరలాడింది. "మందు పోసి ఎంతసేపు ఉంచుతున్నావు పిన్నీ?" అంటే "ఉంచేదేముందిరా, పొయ్యడం, రుద్దడం, కడిగెయ్యడం" అంది.

ఆ గరగరలాడేది మురికి అయితే ఆవిడ రుద్దిన రుద్దుడికి ఎప్పుడో పోయేది. అది రాయి. పళ్లకి గార పట్టినట్టే కమోడ్‌కీ గార పడుతుంది, అసలు తెలుగులో ఆ మాటే సరైన మాట అనిపిస్తుంది నాకు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్ల రూపంలో కరిగి ఉంటాయి, నీళ్లు అలా అంచు మీద నిలబడి ఆరిపోతూ ఉంటే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి కరగని కాల్షియం కార్బొనేట్ మిగిలిపోతుంది, అంటే సున్నపురాయి. నంద్యాల జిల్లా బెలూం గుహల్లో పైనుంచి వేలాడే రాళ్లు చూశారు కదా, అవీ ఇలా బొట్టు బొట్టుగా పెరిగినవే, కాకపోతే వాటికి వేల ఏళ్లు పట్టింది, మన కమోడ్‌లో రోజూ పదిసార్లు ఫ్లష్ చేస్తాం కాబట్టి కొన్ని నెలల్లోనే గీత కనిపిస్తుంది.

దీనికి మూత్రం కూడా తోడవుతుంది. మూత్రంలో ఉండే యూరియాని అక్కడ చేరిన బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైమ్‌తో విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. ముక్కు పగిలిపోయే ఆ ఘాటు వాసన దానిదే. అమ్మోనియా వల్ల నీళ్లు క్షారంగా మారతాయి, అలా మారగానే ఫాస్ఫేట్లు కాల్షియంతో, మెగ్నీషియంతో కలిసి గట్టిపడి అదే రాయి మీద ఇంకో పొరగా కూర్చుంటాయి. ఇన్ఫెక్షన్ వల్ల కిడ్నీల్లో వచ్చే ఒక రకం రాళ్లలో ఉండేదీ ఇదే పదార్థం, స్ట్రువైట్ అంటారు. ఈ గార నిండా సన్నటి కంతలుంటాయి, వాటిలో మళ్లీ బ్యాక్టీరియా చేరతాయి, మళ్లీ అమ్మోనియా, మళ్లీ గార. అందుకే గార ఉన్నంతకాలం ఎన్ని సెంటు బిళ్లలు వేలాడదీసినా వాసన పోదు.

రాయిని కరిగించేది యాసిడ్. మనం కొనే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది సుమారు 10 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్, సీసా వెనక లేబుల్ మీద రాసి ఉంటుంది. పిన్నిని పక్కన నిలబెట్టుకుని నాలుగు చుక్కలు ఆ వలయం మీద వేసి చూపించా. ముందు ఏమీ లేనట్టే ఉండి, కాసేపటికి సన్నగా బుడగలు, తర్వాత చిన్న నురగ, చెవి దగ్గర పెడితే బుస్సుమని చప్పుడు (చెవి పెట్టమని మీకు చెప్పట్లేదు, ఆవిరి ముక్కుకి తగలకూడదు). ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్, అంటే రాయిలో కొంత గ్యాసుగా పోయి, మిగతాది నీళ్లలో కరిగిపోతోందన్నమాట. ఈ పని పై పొర నుంచి లోపలికి ఒక్కో పొరా జరగాలి కాబట్టి టైమ్ పడుతుంది, పోసిన రెండు నిమిషాలకే కడిగేస్తే మందూ వేస్టు, చాకిరీ కూడా వేస్టే.

ఇంకో సంగతి, కమోడ్ అడుగున ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటాయి, అందులో మందు పోస్తే పలచబడిపోతుంది. అందుకని ముందు బ్రష్‌తో ఆ నీళ్లని గొట్టంలోకి గట్టిగా నాలుగుసార్లు తోసెయ్యాలి, మట్టం దిగిపోయి వలయం బయటపడుతుంది. అప్పుడు అంచు కింద చుట్టూ పోసి, మందు జారిపోతుంటే టిష్యూ పేపర్ ముక్కలు దాంట్లో తడిపి గార మీద అంటించి, అరగంట వదిలెయ్యాలి. మందమైన గార ఒక్క దెబ్బకి పోదు, ఎందుకంటే యాసిడ్ రాయితో కలిసి ఖర్చయిపోతుంది, బుడగలు ఆగాయంటే దాని బలం అయిపోయినట్టే, ఇక రుద్దడం కన్నా కడిగేసి కొత్తగా పొయ్యడం మేలు. స్టీల్ పీచు, ఇసక కాగితం మాత్రం వద్దు. కమోడ్ మీద మెరిసే పూత నిజానికి ఒకరకం గాజు, హైడ్రోక్లోరిక్ యాసిడ్ దాన్నేమీ చెయ్యదు గానీ గీతలు పడితే ఆ గీతల్లోనే మళ్లీ గార పట్టుకుంటుంది.

కమోడ్‌కి ఏమీ కాదు కదా అని నేల మీద కూడా అదే యాసిడ్ కుమ్మరిస్తారు, అది తప్పు. కడప బండలు, తాండూరు బండలు, బేతంచెర్ల బండలు అన్నీ సున్నపురాయి జాతివే, పాలరాయి కూడా అంతే. కమోడ్‌లో గార ఎలా బుసబుసలాడిందో నేల కూడా అలాగే బుసబుసలాడుతూ కరుగుతుంది. టైల్స్ మధ్య సందుల్లో సిమెంటు, కుళాయిల మీద మెరుపు కూడా పోతాయి. సైకిల్ మీద అమ్మే లూజు యాసిడ్ అయితే ఇంకా ఘాటుగా ఉంటుంది, దాన్ని ఇంట్లోకే రానివ్వకండి.

గార సంగతి అయింది, ఇక పాచి. జారుడుగా చేతికి తగిలేది, బకెట్ అడుగున, జెట్ స్ప్రే పైపు మొదట్లో, ఒక్కోసారి గులాబీ రంగులో కనిపించేది. ఇది బ్యాక్టీరియా తమ చుట్టూ అల్లుకున్న జిగురు, గులాబీ రంగుది చాలాసార్లు సెరాషియా అనే బ్యాక్టీరియా పని. దీనికి యాసిడ్ అక్కర్లేదు, సబ్బు నీళ్లు, బ్రష్, కండబలం చాలు. ఈ జిగురు వదలగొట్టకుండా పైన క్రిమిసంహారకం పోస్తే మందంతా జిగురు మీదే ఖర్చయిపోయి కింద క్రిములు హాయిగా బతికేస్తాయి.

క్రిముల్ని చంపడానికి క్లోరిన్ మందు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు తోటి డాక్టర్ల చేత చేతులు కడిగించింది క్లోరిన్ కలిపిన సున్నంతోనే, అంటే ఇంచుమించు మన బ్లీచింగ్ పౌడరే, దాంతో బాలింతల మరణాలు బాగా తగ్గిపోయాయి. లీటరు నీళ్లకి 3 గ్రాములు, అంటే చిన్న చెంచాడు పౌడర్ కలిపి, సున్నం అడుక్కి దిగాక పై తేట నీళ్లు వాడితే చాలు. సీటు, ఫ్లష్ బటన్, తలుపు గడియ, జెట్ స్ప్రే పిడి ఆ నీళ్లతో తుడిచి పది నిమిషాలు తడిగా ఉంచి తర్వాత మంచినీళ్లతో తుడవాలి. మూత తెరిచిన పౌడర్ గాలికీ తేమకీ బలం కోల్పోతుంది, వాసన రాని బ్లీచింగ్ పౌడర్ ఉత్త సున్నం కిందే లెక్క. బోరు నీళ్లలో ఇనుము వల్ల పడ్డ తుప్పు మరకల మీద మాత్రం ఇది పొయ్యకండి, ఆ మరక ఇంకా ముదురుతుంది, దానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) మంచిది.

ఇప్పుడు అసలు చెప్పాల్సిన మాట. కొన్నేళ్ల కింద మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఒక అక్క, యాసిడ్ పోస్తే తెల్లబడుతోంది, బ్లీచింగ్ వేస్తే తెల్లబడుతోంది, రెండూ కలిపితే ఇంకా తొందరగా అవుతుందని వాచ్‌మన్ గది టాయిలెట్‌లో రెండూ కలిపింది. దగ్గుతూ బయటికొచ్చి మెట్ల మీద కూలబడిపోయింది, ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాల్సొచ్చింది. రెండు డబ్బాలూ ఆవిడ చేతికిచ్చింది మేమే, కలపకూడదని ఒక్కరం కూడా చెప్పలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

బ్లీచింగ్‌కి యాసిడ్ తగిలితే అందులో ఉన్న క్లోరిన్ గ్యాసుగా బయటికొచ్చేస్తుంది. లెక్క వేసి చూడండి: 10 గ్రాముల మంచి పౌడర్ నుంచి సుమారు 3 గ్రాముల క్లోరిన్, అంటే ఒక లీటరు గ్యాసు. నాలుగడుగులు బై అయిదడుగుల టాయిలెట్‌లో గాలి మొత్తం దాదాపు 4,500 లీటర్లు. అంటే పదిలక్షల పాళ్లకి 220 పాళ్లు. పది పాళ్లకే ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉన్న స్థాయిగా లెక్కేస్తారు! పైగా క్లోరిన్ గాలి కన్నా రెండున్నర రెట్లు బరువు, కిందే పరుచుకుంటుంది, గొంతుక్కూర్చుని రుద్దే మనిషి ముక్కుకే ముందు తగులుతుంది. 1915 ఏప్రిల్ 22న మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఈప్ర ఊరి దగ్గర సైనికుల మీదకి వదిలిందీ ఈ గ్యాసే. కాబట్టి యాసిడ్ ఒక రోజు, బ్లీచింగ్ ఇంకో రోజు. నిమ్మ ఉప్పు, వెనిగర్ కూడా యాసిడ్లే, అవి కూడా బ్లీచింగ్‌తో కలవకూడదు. మీ ఇంట్లో పనిచేసేవాళ్లకి ఈ ముక్క నోటితో చెప్పండి, లేబుల్ చదువుతారులే అని వదిలెయ్యొద్దు.

ఫ్లష్ చేసేటప్పుడు మూత వేసే అలవాటు కూడా చేసుకోవచ్చు. 2022లో అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్లు మూతలేని కమోడ్ మీద లేజర్ వెలుగు వేసి చూస్తే, కంటికి కనిపించని తుంపరలు 8 సెకన్లలో దాదాపు మీటరున్నర ఎత్తుకి లేచాయి. మూత వేస్తే అన్నీ ఆగిపోవు గానీ టూత్‌బ్రష్‌లు అదే గదిలో పెట్టుకునే ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. ఇంత కడిగినా వాసన వస్తుంటే నేల మీద నీళ్లు పోయే జాలీ ఎత్తి చూడండి, దాని కింద ట్రాప్‌లో నిలిచే నీళ్లే డ్రైనేజీ గ్యాసుని ఆపుతాయి, వాడని బాత్రూమ్‌లో అవి ఎండిపోతాయి, రెండు మగ్గుల నీళ్లు పోస్తే చాలు.

పిన్ని కమోడ్‌కి మూడు విడతలు పట్టింది. మూడోసారి వలయం బ్రష్ తగలగానే పెచ్చులుగా ఊడి వచ్చింది. అంచు కింద నీళ్లొచ్చే కంతలు సగం మూసుకుపోయి ఉంటే పాత టూత్‌బ్రష్‌తో తోమాం, ఆ తర్వాత ఫ్లష్ చేస్తే నీళ్లు చుట్టూ సమానంగా దిగాయి. ఇప్పుడు ఆదివారం రాత్రి అందరూ పడుకున్నాక రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి వదిలేస్తోంది, పొద్దున్నే ఒకసారి బ్రష్ తిప్పి, ఆ బ్రష్‌ని సీటు కింద అడ్డంగా పెట్టి నీళ్లు కారిపోయాకే డబ్బాలో పెడుతోంది.