అతుకుల బొంత: అపోహలు, వాస్తవాలు

నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే పత్రికలు దానిని 'అతుకుల బొంత' అని ఎత్తిపొడుస్తాయి. పొంతన లేని ముక్కలను ఎలాగో ఒకచోట చేర్చి నిలబెట్టారని ఆ మాటకు అర్థం. పదేళ్లుగా నల్లగొండలో బొంతలు కుడుతున్న నాకు ఆ పోలిక కనిపించినప్పుడల్లా నవ్వు వస్తుంది, ఎందుకంటే పొంతన లేని ముక్కలతో కుట్టిన బొంత మూడు ఉతుకులకు మించి నిలవదు. నెలలో రెండో ఆదివారం మా ఇంటి హాల్లో చాపలు పరుచుకుని ఏడెనిమిది మందిమి కుట్టుకు కూర్చుంటాం. వారిలో గృహిణులున్నారు, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారు, మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వచ్చే ఒక దర్జీ ఉన్నారు. కొత్తగా చేరేవారి నోట మళ్లీ మళ్లీ వినబడే అపోహలను, వాటికి మేము చెప్పుకునే సమాధానాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇంట్లోని పాత బట్టలన్నీ బొంతకు పనికివస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే కనుక దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బొంత పాడయ్యేది సాధారణంగా కుట్టు తెగడం వల్ల కాదు, బలమైన బట్ట పక్కన బలహీనమైన బట్టను అతకడం వల్ల. కొయ్యలగూడెం దుప్పటి వంటి మందమైన నూలుబట్ట పక్కన పదిహేనేళ్లు కట్టి నలిగిన వాయిల్ చీర ముక్కను వేస్తే, ఉతికి పిండినప్పుడల్లా లాగుడంతా ఆ పలుచని ముక్క మీదే పడుతుంది. అది కుట్టు పొడవునా చీలిపోతుంది, నింద మాత్రం కుట్టినవారికి వస్తుంది.

చీరను ఎంచుకునేటప్పుడు నేను దానిని కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూస్తాను. కూర్చున్నప్పుడు ఒరిపిడికి గురయ్యే వెనుక భాగంలోనూ, నేలకు రాసుకునే కింది అంచు దగ్గరా పోగులు విడిపోయి జల్లెడలా కనిపిస్తాయి. లోపల దోపుకునే కొస మాత్రం ఎండకూ ఒరిపిడికీ దూరంగా ఉంటుంది కాబట్టి ఇరవై ఏళ్ల చీరలో కూడా గట్టిగానే ఉంటుంది. పై పొరకు కావలసిన ముక్కలను అక్కడి నుంచి తీసుకుని, నలిగిన భాగాన్ని లోపలి పొరలకు వాడితే చీర ఏదీ వృథా కాదు.

బట్ట నూలా, కలగలుపా అన్నది తెలియకపోతే అంచు నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడవచ్చు. నూలు పోగు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది, పాలిస్టర్ ముడుచుకుని కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఈ రెండింటినీ ఒకే బొంతలో కలిపితే, మొదటి ఉతుకులో నూలు కుదించుకుంటుంది, పాలిస్టర్ కుదించుకోదు. అందుకే కొత్త నూలుబట్ట వాడదలిస్తే దానిని కత్తిరించకముందే తడిపి ఆరబెట్టాలి. గద్వాల చీర విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒంటిని నూలుతో, అంచును, కొంగును పట్టుతో నేసి కలపడం ఆ చీర సంప్రదాయం కాబట్టి, అంచును విడదీయకుండా బొంతలో వేస్తే రెండు స్వభావాలున్న బట్టను ఒకే ముక్కగా వాడినట్లవుతుంది.

ముక్కలను పడుగు పేకల వెంబడి నిలువుగా, అడ్డంగా కత్తిరించాలి తప్ప ఓరగా కత్తిరించకూడదు. ఓరగా కత్తిరించిన ముక్క కుడుతుండగానే సాగిపోతుంది. అతుకు కుట్టుకు వదిలే పావు అంగుళంలో కూడా తేడా రాకూడదు. పది ముక్కల వరుసలో ఒక్కో ముక్కకు రెండు వైపులా అంగుళంలో పదహారో వంతు చొప్పున ఎక్కువ పట్టినా, వరుస చివరికి అంగుళంపావు తగ్గిపోతుంది. పక్క వరుస సరిగ్గా వచ్చి ఉంటే ఆ రెండూ ఇక కలవవు.

అపోహ: ఉప్పునీళ్లలో నానబెడితే రంగు దిగదు.

ఈ మాటను నేనూ నమ్మాను. మా చెల్లెలి కూతురి కోసం తెల్ల ధోవతి ముక్కల నడుమ ముదురు ఎరుపు నూలు చీర ముక్కలు వేసి బొంత కుట్టాను. చీరను అంతకుముందు ఒక రాత్రంతా ఉప్పునీళ్లలో ఉంచాను, కాబట్టి నిశ్చింతగా ఉన్నాను. మొదటిసారి ఉతికి దండెం మీద వేశాక చూస్తే, ఎరుపు ముక్క చుట్టూ ఉన్న తెలుపంతా తాంబూలం నమిలిన పెదవిలా మారింది. రెండు నెలల పని అది.

రంగు అద్దే తొట్టిలో ఉప్పుకు పని ఉంది, అది నీటిలోని రంగును నూలు వైపు నెడుతుంది. నేడు నూలుకు ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులను పోగుకు పట్టించేది సోడా వంటి క్షారం. ఆ ఘట్టం దాటి బట్టగా మారి మన ఇంటికి వచ్చిన తర్వాత ఉప్పు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. వెనిగర్ కూడా అంతే. పట్టుకూ ఉన్నికీ వాడే ఆమ్లపు రంగుల అద్దకంలో దానికి పాత్ర ఉంది గాని నూలు మీద దాని ప్రభావం లేదు. పోగుకు అంటుకోకుండా మిగిలిపోయిన రంగును వేడినీళ్లలో పలుమార్లు ఉతికి వదిలించడమొక్కటే మార్గం. నీళ్లు తేటగా వచ్చాక, తడిపిన తెల్ల రుమాలును ఆ బట్ట మీద పరిచి ఇస్త్రీ చేస్తాను. రుమాలుకు రంగు అంటితే ఆ చీర తెలుపు పక్కన కూర్చోవడానికి అర్హత లేనిదే.

రంగు నిలుస్తుందా లేదా అన్నది నూలును సిద్ధం చేసే చోటే తేలిపోతుందనడానికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. పుట్టపాకలో నేసే తేలియా రుమాలుకు నూలును అద్దకానికి ముందే నూనెలోనూ ఆముదపు కాయల పొట్టు బూడిద నీళ్లలోనూ పలుమార్లు నానబెట్టి ఆరబెడతారు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బట్టకు ఆ పేరు రావడానికి కారణం కూడా ఆ నూనే.

అపోహ: క్విల్టింగ్ అమెరికా అభిరుచి, బొంత మన ఇంటి అవసరం, రెండూ వేర్వేరు.

ముక్కలను అతకడం ఒక పని, పొరలను కలిపి కుట్టడం మరొక పని. క్విల్టింగ్ అన్న మాట రెండో పనికి చెందినది. ఒక్క అతుకైనా లేకుండా రెండు చీరల పొరలను సాదా కుట్టుతో కలిపితే అది కూడా క్విల్టే, మన బొంతే. మహారాష్ట్రలో దీనిని గోధడీ అంటారు, బెంగాల్‌లో కాంథా, బిహార్‌లో సుజనీ. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే ఆఫ్రికా మూలాల సిద్దీ స్త్రీలు కుట్టే కవండీ నాకు వీటిలో అత్యంత ఆసక్తికరమైనది. మేము బొంతను పరిచి, ముడతలు బయటికి పోయేలా నడుమ నుంచి అంచులకు, తర్వాత తీసేసే కచ్చా కుట్టు వేస్తాం. వారు కచ్చా కుట్టు లేకుండానే అంచు నుంచి మొదలుపెట్టి, ముక్కలను ఒక్కొక్కటిగా మడిచి చేరుస్తూ, చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుకుంటారు. మా బృందంలో ఇద్దరు ఆ పద్ధతిలో చిన్నపిల్లల బొంతలు కుట్టారు. ఎడమచేత్తో బట్టను సర్దుకుంటూ పోవడం అలవాటైతే అది మా పద్ధతి కంటే సులువని వారి అభిప్రాయం, నాకు మాత్రం నడుమ ఇంకా గుబ్బలే వస్తున్నాయి.

అపోహ: కుట్లన్నీ సన్నగా, సమానంగా ఉంటేనే మంచి బొంత.

ఇది గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడం వంటిది. చూడవలసింది కుట్టు సన్నదనం కాదు, వరుసల మధ్య దూరం. లోపల చీరల పొరలే ఉంటే వరుసలు కొంత ఎడంగా ఉన్నా ఇబ్బంది లేదు. ఏకిన దూదిని పరిస్తే మాత్రం వరుసలు దగ్గరగా ఉండాలి, లేకపోతే రెండు ఉతుకుల్లో దూది ఉండలుకట్టి మూలలకు చేరుతుంది. అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే చోట నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతల గీతలు నిక్కచ్చిగా ఉండవు, అయినా 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలోనూ, ఆ తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనూ అవి గోడలకెక్కాయి.

బొంతలో కావాలని ఒక తప్పు వదలాలన్నది దీనికి వ్యతిరేకమైన అపోహ. అమెరికాలో ఆమిష్ క్రైస్తవులు అలా చేస్తారని చెప్పుకుంటారు గాని దానికి ఆధారాలు లేవు. మన దగ్గర దిష్టికని ఒక నల్ల ముక్క వేసేవారున్నారు, అది వారి ఇష్టం. తప్పుల సంగతికి వస్తే, కావాలని వదలవలసిన అవసరం నాకు ఇంతవరకు రాలేదు.

అపోహ: మిషన్ మీద కుట్టినది బొంత కాదు.

బొంతే. మిషన్ పాదం పై పొరను నొక్కి ముందుకు తోస్తుంది కాబట్టి పొరలు జరుగుతాయి. ఒత్తిడి తగ్గించి, 16 నంబరు సూది వేసి, కచ్చా కుట్టు దగ్గరగా వేసుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది. చేత్తో కుట్టేవారు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే అంగుస్తాను లేకుండా కూర్చోకూడదన్నది మాత్రం నా పట్టుదల.

అపోహ: దాచిన బొంతకు పురుగు పట్టకుండా నాఫ్తలీన్ గోళీలు వేయాలి.

బట్టలు కొరికే చిమ్మట పిల్లపురుగులు ఉన్నిని, పట్టును తింటాయి, శుభ్రమైన నూలు జోలికి సాధారణంగా రావు. పాలమూరు కురుమల గొంగడికి అవసరమైన జాగ్రత్తను మనం నూలు బొంతకు కూడా అంటగట్టాం. బొంతకు నిజమైన శత్రువు గంజి. గంజిపెట్టి మడిచిన బొంతను పాత పుస్తకాల్లో కనిపించే వెండిరంగు పురుగులు వెతుక్కుంటూ వస్తాయి. గంజి లేకుండా ఉతికి, పూర్తిగా ఆరాక, ఏడాదికి రెండుసార్లు మడతలు మార్చి పెడితే చాలు. బొంతపురుగుకు, బొంతకు పేరులో తప్ప ఏ సంబంధమూ లేదని పిల్లలకు కూడా చెప్పవలసి వస్తోంది.

అపోహ: బట్ట మనదే కాబట్టి కుట్టడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు.

90 అంగుళాల పొడవు, 60 అంగుళాల వెడల్పు ఉన్న బొంతలో ముప్పావు అంగుళానికి ఒక వరుస చొప్పున 80 వరుసలు వస్తాయి. కుట్టు పొడవు 7,200 అంగుళాలు, అంటే 200 గజాలు. అంగుళానికి ఐదు కుట్లు వేసుకున్నా 36,000 కుట్లు. ఒక్క వరుసకు నాకు 20 నిమిషాలు పడుతుంది, అంటే ముక్కలు కత్తిరించి అతికిన కాలాన్ని కలపకుండానే దాదాపు 27 గంటలు. సందుల్లో కేకవేసుకుంటూ వచ్చి బొంతలు కుట్టే స్త్రీలతో కుట్టుకూలి దగ్గర బేరమాడేటప్పుడు ఈ లెక్కను ఎవరూ వేయరు.

పోయిన చలికాలంలో ఒకావిడ తన తల్లి చీరలు తెచ్చి మా బృందానికి ఇచ్చి, చీరలు నావే కదా, కూలి ఇంతెందుకు అని అడిగారు. మా దర్జీ ఏమీ అనకుండా సూదిలో దారం ఎక్కించి ఆమెకు ఇచ్చి, ఒక వరుస మీరు వేయండమ్మా అన్నాడు. ఆమె వరుస మొదలుపెట్టినప్పుడు పొయ్యి మీద పెట్టిన చాయ్ అందరం తాగి గ్లాసులు కడిగేసరికి కూడా సగం దాటలేదు. మిగతా సగాన్ని పట్టుదలగా ఆమే పూర్తిచేశారు. బొంత అప్పగించే రోజున ఆ వంకర వరుసను విప్పి మళ్లీ కుట్టమంటారా అని అడిగితే వద్దన్నారు, మేము అడిగిన కూలి ఇచ్చి తీసుకువెళ్లారు.