క్యాన్సర్ వచ్చిన పెద్దవాళ్లలో మతిమరుపు: అపోహలు - వాస్తవాలు

నేను వయసు మళ్లినవాళ్లను చూసే డాక్టర్ని. 70 దాటిన క్యాన్సర్ పేషెంట్లను కీమో మొదలుపెట్టే ముందు నా దగ్గరికి పంపుతుంటారు. నడక, బరువు, మందులు చూశాక మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమంటాను. కాగితం ఇచ్చి గడియారం గీయమంటాను, ముళ్లు 11 గంటల 10 నిమిషాల దగ్గర పెట్టమంటాను. తర్వాత ఆ మూడు మాటలు అడుగుతాను. నాలుగైదు నిమిషాల పని. "క్యాన్సర్‌కని వస్తే ఈ చిన్నపిల్లల పరీక్ష ఏంటండీ" అని పక్కనున్న కొడుకో కూతురో విసుక్కుంటారు. ఆ విసుగు వెనక కొన్ని నమ్మకాలుంటాయి.

అపోహ: క్యాన్సర్ వచ్చాక మతిమరుపంటే కీమో వల్లే.

"కీమో బ్రెయిన్" అన్న పేరే ఈ నమ్మకాన్ని పెంచింది. కీమోకు వాటా లేదని కాదు. మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోవడం, ఒకేసారి రెండు పనులు చూసుకోలేకపోవడం కీమో తీసుకున్నవాళ్లు నిజంగా పడే బాధలే. కానీ 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలను కీమోకు ముందే పరీక్షిస్తే, దాదాపు మూడోవంతు మందిలో అప్పటికే ఎంతో కొంత లోపం కనిపించింది. జబ్బు వల్ల ఒంట్లో రేగే ఇన్‌ఫ్లమేషన్ (వాపు), ఆపరేషన్, నిద్ర పట్టకపోవడం, టెన్షన్, హార్మోన్ చికిత్స, అన్నీ తలా ఒక చెయ్యి వేస్తాయి. మొదటి రోజే గడియారం గీయించేది ఇందుకే. ముందు ఎలా ఉండేవారో తెలియకపోతే తర్వాతి మార్పును దేని ఖాతాలో వేయాలి?

అపోహ: క్యాన్సర్ వచ్చినవాళ్లకు అల్జీమర్స్ కూడా వస్తుంది.

లెక్కలు సరిగ్గా దీనికి తిరగబడి ఉన్నాయి. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో దశాబ్దాలుగా సాగుతున్న గుండె జబ్బుల అధ్యయనం నుంచి 65 దాటిన 1,278 మంది వివరాలు తీసి చూశారు. క్యాన్సర్ వచ్చి బతికున్నవాళ్లలో అల్జీమర్స్ ముప్పు మిగతావాళ్లకంటే మూడోవంతు తక్కువని 2012లో ప్రకటించారు. మొదట నాకు నమ్మబుద్ధి కాలేదు. క్యాన్సర్ ఉన్నవాళ్లలో చాలామంది అల్జీమర్స్ వచ్చే వయసుదాకా ఉండరు, అందుకే అలా కనిపిస్తోంది అనుకున్నాను.

2019లో వచ్చిన ఇంకో అధ్యయనం ఆ అనుమానాన్ని కొంత తీర్చింది. 14 వేలమందికి పైగా పెద్దవాళ్ల జ్ఞాపకశక్తిని 16 ఏళ్లపాటు గమనించారు. క్యాన్సర్ బయటపడినవాళ్లను వెనక్కి వెళ్లి చూస్తే, అది బయటపడకముందు పదేళ్లలోనే వాళ్ల జ్ఞాపకశక్తి తగ్గే వేగం మిగతావాళ్లకంటే సుమారు 10 శాతం తక్కువగా ఉంది. చనిపోవడం ఒక్కటే కారణమైతే ఇలా ఉండకూడదు. క్యాన్సర్ అని తేలిన సమయంలో మాత్రం జ్ఞాపకశక్తి ఒక్కసారిగా కుదుపుకు లోనైంది. ఇళ్లలో వాళ్లకు కనిపించేది ఆ కుదుపే.

ఎందుకిలా? క్యాన్సర్ కణం చావనని మొండికేస్తుంది, అల్జీమర్స్‌లో మెదడు కణం ముందే రాలిపోతుంది. పిన్1 అనే ఎంజైమ్ చాలా క్యాన్సర్లలో ఎక్కువగా, అల్జీమర్స్ వచ్చిన మెదడులో తక్కువగా ఉంటుంది. రెండు జబ్బులూ ఒకే తక్కెడకు రెండు వైపులేమోనని పరిశోధకుల ఊహ. అయినా ఇది గుంపు లెక్క, మీ అమ్మగారికి గ్యారంటీ కాదు. రెండూ ఉన్నవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

అపోహ: ఈ వయసులో ఆ మాత్రం మతిమరుపు మామూలే.

నా అనుభవంలో ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఒక పెద్దాయన, 76 ఏళ్లు. కీమోకు ముందు గడియారం చక్కగా గీశారు. మూడో సైకిల్ తర్వాత కొడుకు తీసుకొచ్చాడు. "రెండు రోజుల నుంచి నాన్న అదోలా ఉన్నారండీ, పగలంతా మగతే. వయసు కదా" అన్నాడు. మళ్లీ గీయిస్తే 12 అంకెలూ కుడివైపే కుప్పపడ్డాయి, ముళ్లు అసలే లేవు. పాత కాగితం తీసి పక్కన పెట్టాను. కొడుకు ఇక మాట్లాడలేదు.

రెండు రోజుల్లో వచ్చేది వయసు కాదు, డెలీరియం, అంటే ఒంట్లో ఏదో తేడా వల్ల ఉన్నట్టుండి వచ్చే అయోమయం. మందుల సంచి టేబుల్ మీద బోర్లించమన్నాను. దురదకని ఒక మాత్ర, నిద్రకని ఇంకొకటి. పేర్లు వేరు, రెండూ పాతతరం అలర్జీ మందులే, పెద్దవాళ్ల మెదడును మబ్బులో ముంచేవే. రక్తపరీక్షలో సోడియం బాగా పడిపోయి 122 దగ్గర ఉంది. మాత్రలు ఆపి, సోడియం మెల్లగా సరిచేశాం. మూడు వారాలకు గడియారంలో అంకెలు మళ్లీ చుట్టూ సర్దుకున్నాయి. కాల్షియం పెరిగినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స) వల్ల థైరాయిడ్ పడిపోయినా పైకి ఇలాంటి అయోమయమే కనిపించవచ్చు. అరుపులూ గొడవా లేకుండా మూలన పడుకునే రకం డెలీరియాన్ని ఇంట్లోవాళ్లు నీరసం అనుకుంటారు.

అపోహ: మతిమరుపు ఉంటే క్యాన్సర్ చికిత్స ఇవ్వరు.

ఇస్తారు. కాకపోతే ఇంట్లో ఏర్పాటు మారాలి. ఉదాహరణకు కేపెసిటబిన్ అనే కీమో మాత్రలు సాధారణంగా రోజుకు రెండుసార్లు 14 రోజులు వేసుకుని, 7 రోజులు ఆపాలి. వేసుకున్నది మర్చిపోయి మళ్లీ వేసుకుంటే ప్రమాదం. లెక్క ఎవరు చూస్తారు? జ్వరం 100.4 దాటితే ఫోన్ ఎవరు చేస్తారు? ఈ రెండింటికీ ఒక మనిషి పేరు చెప్పమంటాను. చికిత్స కావాలో వద్దో మాత్రం ముందు పెద్దవాళ్లనే అడుగుతాను. నిన్నటి సంగతి మరిచిపోయినవాళ్లు కూడా తమకేం కావాలో చాలాసార్లు స్పష్టంగా చెప్పగలరు.

అపోహ: రేడియేషన్ ఎక్కడ ఇచ్చినా మెదడు దెబ్బతింటుంది.

రేడియేషన్ ప్రభావం అది పడినచోటే. రొమ్ముకో ప్రోస్టేట్‌కో ఇస్తే మెదడుకు తగలదు. మెదడంతటికీ ఇవ్వాల్సి వస్తే జ్ఞాపకశక్తికి ముప్పు నిజమే, వీలైనవాళ్లలో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగాన్ని తప్పించి ఇస్తున్నారు.

అపోహ: మెమరీ టానిక్ వాడితే సరి.

కీమో తర్వాతి మతిమరుపును తగ్గిస్తుందని నిరూపణ అయిన టానిక్ ఏదీ లేదు. నడక, నిద్ర, జేబులో చిన్న నోట్‌బుక్ నయం. చెవులు కూడా చూపించుకోండి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వినికిడిని దెబ్బతీయవచ్చు. ఒకావిడ నేను చెప్పిన మూడు మాటల్లో ఒక్కటీ తిరిగి చెప్పలేదు. అవే మాటలు పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తే, గడియారం గీసి వచ్చి మూడూ చెప్పేశారు.