బెజవాడ మట్టిలో రెయిన్ గార్డెన్: అపోహలు - వాస్తవాలు

రెయిన్ గార్డెన్ అంటే డాబా, రోడ్డు మీది వాన నీళ్లను ఆపి నేలలోకి ఇంకించే పల్లపు తోట. ఆ మాట అనగానే అందరూ ముందు అడిగేది ఏ మొక్కలు వేయాలనే. నేను ముందు అడిగేది మీ మట్టి ఏది, పొర్లిన నీళ్లు ఎటు పోతాయి అని. ఈ పని నిలబడేదీ చెడిపోయేదీ అక్కడే. విజయవాడలో, గుంటూరులో అపార్ట్‌మెంట్ కమిటీల వాళ్లు తరచూ అనే మాటలకు నా జవాబులివి.

అపోహ: ఊరంతా ఇవి కడితే బుడమేరు వరద రాదు

ఈ ఆశ చూపించి ఎవరూ ఈ పని అమ్మకూడదు. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్ నగర్‌ను ముంచింది వీధిలో కురిసిన వాన కాదు. ఎగువన బుడమేరు వాగుకు గండ్లు పడి ఆ నీళ్లు ఊళ్లోకి వచ్చాయి. అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత వరదకు కావాల్సినవి గట్టి కట్టలు, డైవర్షన్ ఛానల్, ఆక్రమణల్లేని వాగు.

రెయిన్ గార్డెన్ చూసుకునేది మామూలు వానను. 1000 చదరపు అడుగుల డాబా మీద 10 మి.మీ. వాన పడితే దాదాపు 930 లీటర్లు. పక్కనే 100 చదరపు అడుగుల తోట 6 అంగుళాల లోతున ఉంటే అందులో 1,400 లీటర్లు పడతాయి. తోట మీద పడేది కూడా కలుపుకుంటే దాదాపు 14 మి.మీ. వాన రోడ్డెక్కకుండా ఆగినట్టు. గుంటూరు మూడు వంతెనల కింద నీళ్లు నిలిచేది ఎగువ వీధుల నీళ్లన్నీ ఒకేసారి అక్కడికి చేరడం వల్ల. వాటిలో కొంతైనా ఎక్కడికక్కడ ఆగితే ఆ తాకిడి తగ్గుతుంది. తుఫాను వానకు మాత్రం తోట నిండి పొర్లుతుంది. ఆ పొర్లే నీటికి దారి మొదటి రోజే కట్టాలి.

అపోహ: నల్లరేగడిలో నీళ్లు ఇంకవు, కాబట్టి దండగ

సగం నిజం. ఎండాకాలంలో నెర్రెలిచ్చిన నేల నీళ్లను గటగటా తాగేస్తుంది, అది చూసి మోసపోకూడదు. తడిసి ఉబ్బాక నెర్రెలు మూసుకుపోతాయి, ఇంకడం దాదాపు ఆగిపోతుంది. అందుకే అడుగు లోతు గుంత తీసి, ముందు రోజంతా నీళ్లతో నానబెట్టి, మర్నాడు మళ్లీ నింపి కొలవండి. గంటకు అరంగుళం కూడా దిగకపోతే, ఇంకని నీళ్లను సైడు కాలువలోకి పంపే పైపు అడుగున తప్పదు.

అలాంటి చోట మూడడుగులు తవ్వుతాం. అడుగున 9 అంగుళాలు 20 మి.మీ. కంకర, అందులో చిల్లుల పీవీసీ పైపు. దాని మీద 3 అంగుళాల చిన్న రాతి చిప్స్, ఆపైన అడుగున్నర మట్టి మిశ్రమం: ఇసుక 60 శాతం, మంచి ఎర్రమట్టి 20, చివికిన కంపోస్ట్ 20. మిగిలిన 6 అంగుళాలు నీళ్లు నిలవడానికి ఖాళీ. తవ్వి తీసిన నల్లమట్టిని మాత్రం మళ్లీ లోపల కలపొద్దు. మేస్త్రీలు ఖర్చు కలిసొస్తుందని కలిపేస్తారు, దాంతో ఇసుక సందులన్నీ మూసుకుపోతాయి.

ఇంతకంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది లెవెల్స్. మనది డెల్టా నేల, వాలు తక్కువ. వానాకాలంలో సైడు కాలువ నిండుగా పారుతున్నప్పుడు దాని మట్టం మీ పైపు కంటే పైన ఉంటే, మురుగు వెనక్కి తన్ని తోటలోకే వస్తుంది. లెవెల్ చూడకుండా గడ్డపార వేయనివ్వకండి.

అపోహ: దోమలకు ఇల్లు కట్టినట్టే

డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం పైనే పడుతుంది. సరిగా కట్టిన తోట ఒక్క రోజులో ఖాళీ అవుతుంది. రెండు రోజులు దాటినా నీళ్లున్నాయంటే పైన ఒండ్రు పేరుకుందని అర్థం, ఆ పొర గీకి తీసేయాలి. కూలర్లు, పాత టైర్లు, పూలకుండీల కింద ప్లేట్లు ముందు చూసుకోండి.

అపోహ: ఇంకుడు గుంత ఉందిగా, ఇదెందుకు

రెండూ ఉంటే మంచిదే. కానీ గుంత లోపల బురద పేరుకుంటే పైకి కనిపించదు. తోటలో కళ్లెదుటే కనిపిస్తుంది, పారతో తీసేయొచ్చు.

అపోహ: ఖాళీ ఉన్న ఏ చోటైనా పనికొస్తుంది

ఈ ఒక్కటీ దయచేసి నమ్మకండి. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. వానకు నానిన కొండవాలులోకి ఇంకా నీళ్లు ఇంకించడం ప్రమాదం. అక్కడ నీటిని కట్టుదిట్టంగా కిందికి దించడమే పని. కింది చదును నేలలో కూడా తోట ఇంటి పునాదికి కనీసం పదడుగుల దూరంలో ఉండాలి, నల్లరేగడి నానితే ఉబ్బి గోడలు పగలగొడుతుంది. రోడ్డు నీళ్లలో ఆయిల్, టైర్ల పొడి ఉంటాయి కాబట్టి తాగునీటి బోరు దగ్గర వాటిని ఇంకించొద్దు. వంటింటి మురుగు కలిసే కాలువను తోటలోకి తిప్పడం అసలే వద్దు.

అపోహ: బయోస్వేల్ అంటే గడ్డి వేసిన కాలువ

బయోస్వేల్ అంటే రోడ్డు వెంట మొక్కలు నాటిన పొడవాటి పల్లం. కాలువ నీళ్లను తరిమేస్తుంది, ఇది నెమ్మదిగా నడిపిస్తుంది. నూరడుగులకు రెండు మూడు అడుగుల వాలు చాలు, అంతకు మించితే అడ్డంగా చిన్న రాతి కట్టలు వేయాలి. మన డివైడర్లలో మట్టి చాలాచోట్ల రోడ్డు కంటే ఎత్తుగా ఉంటుంది, వాన పడితే ఆ మట్టే రోడ్డు మీదికి వస్తుంది. అదే మట్టిని ఆరంగుళాలు దించి, రోడ్డు వాలు అటు ఉన్న చోట అంచు రాళ్ల మధ్య సందులు వదిలితే నీళ్లు మొక్కలకు చేరతాయి.

అపోహ: తామర లాంటి నీటి మొక్కలే వేయాలి

ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ తోట ఎండుగానే ఉంటుంది. తడినీ మే ఎండనూ తట్టుకునే వట్టివేరు, మెట్టతామర (కన్నా) వేయండి. మొదటి వేసవి మాత్రం నీళ్లు పోయాలి. జూన్ వానలకు ముందు నీళ్లొచ్చే సందుల్లో ఆకులు, ప్లాస్టిక్ కవర్లు తీయించండి. ఆ ఒక్క సందు పూడితే నీళ్లు లోపలికి రాకుండా రోడ్డు వెంటే పోతాయి.